ఉమ్మగిల్లిన వెలుగు

తలుపు మీద ఎర్ర బల్బు వెలిగింది. లోపల దీపం ముట్టించారన్నమాట. ఇక ఎవరూ తలుపు తియ్యకూడదు, తట్టకూడదు, గట్టిగా ఊపిరి పీల్చకూడదు. ఆ చివరిది గోడ మీద రాసిలేదు, ఆమె తనంతట తనే పెట్టుకుంది. నడవా నిండా ఫినాయిల్ వాసన. బెంచీ అచ్చం ఆస్పత్రి బెంచీ, ఆ చివర కూర్చుంటే ఈ చివర లేస్తుంది. కాన్పు గది బయట తచ్చాడే తండ్రులు ఇలాగే ఉంటారు కాబోలు అనుకుంది, నవ్వొచ్చింది, ఇప్పుడు నవ్వితే ఏమవుతుందోనని మింగేసింది. లోపల ఉన్నదీ బిడ్డ లాంటిదే మరి. అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దది, నల్లగా, పల్చగా, పట్టు తప్పితే పుటుక్కుమనే సిలికాన్ సెల్. దాని మీద ఇప్పుడు ఆ దీపపు దొంగ ఎండ కాస్తోంది. వంద పాళ్ళ ఎండ పడితే అందులో ఎన్ని పాళ్ళు కరెంటుగా మారి తీగలోకి వస్తాయో లోపలి పెద్దమనిషి కొలుస్తాడు, కాగితం మీద సంతకం పెడతాడు. ఇరవై ఆరు అందుకుంటే ఆమె ప్రయోగాల గది ఆమెకుంటుంది. అందుకోకపోతే కొలిమి పీకేస్తారు, యాసిడ్ తొట్లు బయటపెడతారు, ఆ గదిలో ఇంకొకరు బల్లలు వేసుకుంటారు. ఆ ఇంకొకరు ఈ బెంచీ మీదే, ఆమె పక్కనే కూర్చుని పిప్పరమెంటు బిళ్ళ కరకరా నములుతోంది. ఆమె సొంత ఆడపడుచు.

ఇందులో తమాషా ఏమిటంటే, ఆమెని ఇక్కడికి వెంటబెట్టుకొచ్చిందీ ఆడపడుచే. నువ్వు నడిపితే ఈ కంగారులో ఏ గోడనో గుద్దుతావు వదినా, అని కారు తాళాలు లాక్కుంది. దారి పొడుగునా పాటలు పెట్టింది. ఇద్దరిదీ ఒకే సంస్థ, ఎదురెదురు భవనాలు. ఆమెది సిలికాన్. ఆడపడుచుది కొత్త రకం పొరలు, గాజు మీద సిరా పూసినట్టు పూసి ఆరబెడితే చాలు, ఎండ తగలగానే కరెంటు పుడుతుంది. సంస్థలో అందరూ పొరలమ్మ అంటారు. సిలికాన్‌కి ముసలితనం వచ్చింది, ఇక దానికి విశ్రాంతినివ్వు వదినా, అంటుంది పొరలమ్మ రాత్రి భోజనాల దగ్గర. నీ పొరలకింకా పాలపళ్ళే ఊడలేదు, వాన చుక్క పడితే ఏడుపు లంకించుకుంటాయి, అంటుంది ఆమె. మధ్యలో ఆమె భర్త, పళ్ళ డాక్టరు, తల వంచుకుని తింటాడు. నువ్వు చెప్పరా అన్నయ్యా అని చెల్లెలు, మీరే చెప్పండి అని పెళ్ళాం నిలదీస్తే, నా వృత్తి ఎదుటివాళ్ళ నోళ్ళు తెరిపించడమే గానీ నా నోరు తెరవడం కాదు అంటాడు. చివరికి అత్తగారు వడ్డించే గరిటె పైకెత్తుతుంది. ఇద్దరూ ఎండ మీదే పరిశోధనలు, ఒక్కరికైనా డాబా మీద ఎండేసిన బట్టలు తియ్యాలని తోచదు! ఆ మాటతో వాదన ముగిసిపోతుంది. కానీ కిందటి నెల డైరెక్టరు ఇద్దర్నీ పిలిచి చెప్పిన మాట మాత్రం గరిటెతో ముగిసేది కాదు. ఉన్నది ఒక్క పెద్ద గది. సిలికాన్‌కి ఇంకా ఎదిగే ఓపిక ఉందని చూపించండి. ఇరవై ఆరు. బయటి కొలతల సంస్థ కాగితం మీద, వాళ్ళ ముద్రతో. ఎందుకంటే, ఏమనుకోకండి మేడమ్, మన కొలతల్ని మనం నమ్మే రోజులు పోయాయి. ఏమనుకోకండి అన్నప్పుడు ఆయన చూపు ఆమె కోటు మీదికి వెళ్ళింది.

ఆ కోటు. ఎన్నిసార్లు తరిమినా తిరిగొస్తుంది. కిందటేడు ఆమె గదిలోనే, ఇలాంటి దొంగ ఎండ కిందే, తెర మీద అంకె ఇరవై ఆరు దాటింది. ఎవరో కేక పెట్టారు. డైరెక్టరు పరిగెత్తుకొచ్చాడు. చప్పట్లు, ఫొటోలు. ఆమె దీపం పక్కన నిలబడి సెల్ వైపు చెయ్యి చూపిస్తోంది, అందరూ తెర వైపు చూస్తున్నారు. గుంపు వెనకనుంచి ఒక గొంతు, అదీ మెల్లగా, వదినా, ఒక్కసారి ఆ కోటు విప్పేసి అలా దూరంగా నిలబడవా. అందరూ నవ్వారు. ఆమే నవ్వింది. కోటు విప్పింది, జరిగింది. అంకె దిగిపోయింది. ఇరవై అయిదు దాటి ఏవో పిసరు. కోటు తొడుక్కుని పక్కన నిలబడింది, అంకె ఎక్కింది. విప్పింది, దిగింది. తెల్లగా ఇస్త్రీ చేసిన కోటు పక్కనుంచి వెలుగుని సెల్ మీదికి తోస్తోంది, సెల్ తనకి రాసిపెట్టిన ఎండకన్నా ఎక్కువ ఎండ తింటోంది. చప్పట్లు కొట్టినవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. పొయ్యిమాస్టారు ఒక్కడే, ఆమె కొలిమి నడిపే మనిషి, కోటు తీసుకుని మడత పెట్టాడు. ఆ తర్వాత క్యాంటీన్‌లో మబ్బు పట్టినప్పుడల్లా, మేడమ్ కోటు ఆరెయ్యండి, వెలుతురొస్తుంది, అని ఒక జోకు స్థిరపడిపోయింది. ఇంకెవరైనా ఆ తప్పు చేస్తే సరే. ఆమె చెయ్యడమా! ఆమె తండ్రిది ఫొటో స్టూడియో. పసితనమంతా తెల్ల అట్ట పట్టుకుని నిలబడడంలోనే గడిచింది. కుర్చీలో కూర్చున్నవాళ్ళ బుగ్గ మీద నీడ పడితే, అట్ట దగ్గరగా జరిపితే నీడ కరిగిపోయేది. ఇంకాస్త దగ్గరకి తల్లీ, ఇంకాస్త, ఆఁ, చాలు! ముసలివాళ్ళ మొహాల్లో ముడతలు ఆ అట్ట వెలుగులో మెత్తబడేవి, కోపిష్టి మనుషులు కూడా మంచివాళ్ళలా కనిపించేవారు. ఆ కోటు సంగతి చెప్పడానికి తండ్రికి ఫోన్ చేసింది, ఏడుపు గొంతుతో. ఆయన అటువైపు పడీ పడీ నవ్వాడు. నేను నేర్పిన విద్యే కదే, ఎక్కడికి పోతుంది, అన్నాడు. అప్పుడు ఆమెకి కోపమొచ్చింది. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తోంది, కానీ సగమే. మిగతా సగం ఇంకా మండుతూనే ఉంది.

"వదినా, కాళ్ళు ఊపకు. బెంచీ ఊగుతోంది."

"నేనేం ఊపట్లేదు."

"అయితే భూకంపం."

ఆమె కాళ్ళు ఆపింది. ఒళ్ళో చిన్న డబ్బా ఉంది, దాని మీద అరచెయ్యి. అసలు భూకంపం ఆ డబ్బాలో ఉంది. పొద్దున బయల్దేరేముందు ట్రేలో వరసగా పేర్చిన సెల్స్ ముందు నిలబడింది. ఏది ఎంతో తనకి తెలుసు. కొలతలకి ఎవరైనా తమ దగ్గరున్న వాటిలో మేలైనదే పట్టుకెళ్తారు, ఫొటోకి కూర్చునేవాడు ఉన్న వాటిలో మంచి చొక్కా తొడుక్కున్నట్టు. తప్పేం లేదు, లోకమంతా అదే చేస్తుంది. ఆమె చెయ్యి కూడా మేలైనదాని వైపే వెళ్ళింది, తీసింది, డబ్బాలో పెట్టింది. తర్వాత అదే చెయ్యి ట్రే మధ్యకి వెళ్ళి అన్నిటిలోకీ సాదాసీదా సెల్ ఒకటి తీసి ఇంకో డబ్బాలో పెట్టింది. కొలతల కిటికీ దగ్గర ఏ డబ్బా ఇవ్వాలో అప్పటిదాకా తేలలేదు. తీరా గుమాస్తా చెయ్యి చాచేసరికి రెండోది ఇచ్చింది. అంతే. ఇప్పుడు దొంగ ఎండలో కూర్చున్నది మధ్యరకం. మేలైనది ఇదిగో, ఆమె అరచేతి కింద, చీకట్లో. ఆమె గదిలో కొలిస్తే మధ్యరకానిది సరిగ్గా ఇరవై ఆరు, గీత మీద ఒంటికాలి మీద నిలబడ్డట్టు. ఇక్కడి కొలతల్లో ఏ అంకైనా కాస్త దిగుతుందే గానీ ఎక్కదు, అది అందరికీ తెలిసిన సంగతి. ఆ కాస్త దిగితే చాలు. గది పోయినట్టే. పొయ్యిమాస్టారికి ఏం చెప్పాలి? మంచిది ఒళ్ళో పెట్టుకుని మామూలుది ఇచ్చానని చెప్పాలా? ఆయన ఏమీ అనడు, అదే భయం. కోటు మడత పెట్టినట్టు ఈ కబురు కూడా మడత పెట్టుకుంటాడు.

ఎందుకిచ్చినట్టు? ఆ మామూలు సెల్‌లోనే కదా ఆమె రెండేళ్ళ కష్టమూ ఉంది. వెలుగు వచ్చి సిలికాన్‌ని తట్టగానే లోపలి ఎలక్ట్రాన్ ఒకటి ఉలిక్కిపడి ఇల్లు వదిలి బయల్దేరుతుంది. అంచుదాకా నడిచి తీగ పట్టుకుంటే అది కరెంటు. దారిలో మనసు మార్చుకుని వెనక్కి తిరిగితే ఉత్త వేడి. అత్తగారికి ఇలాగే చెప్పింది ఒకసారి. ఆవిడ శ్రద్ధగా విని, అయితే మీ గోలంతా అలిగి పుట్టింటికి పోయే పిల్లల్ని అత్తారింటికి చేర్చడమే కదే, అంది. అంతే అత్తయ్యా. ఎక్కువమంది వెనక్కి తిరిగేది అంచు దగ్గరే. సిలికాన్ పలక ఎక్కడ తెగుతుందో అక్కడ అణువుల చేతులు పట్టుకునేందుకేమీ లేక గాలిలో వేలాడుతుంటాయి. పోయే ఎలక్ట్రాన్‌ని పట్టుకుని లాగేస్తాయి. ఆ ఖాళీ చేతుల్లో హైడ్రోజన్ పెట్టాలి, ఏడ్చే పిల్ల చేతిలో బిళ్ళ పెట్టినట్టు. పెట్టడం అందరికీ తెలుసు. ప్రతి చేతిలోనూ పెట్టడం, అది అక్కడే ఉండేలా చూడడం, అక్కడుంది కష్టం. పలకని యాసిడ్‌లో ముంచి తీస్తే నీటిచుక్క ఒక్కటి కూడా అంటకుండా జారిపోవాలి, పొడిగా బయటికి రావాలి. ఒక్క చుక్క అంటిందా, మురికి మిగిలిందన్నమాట, మళ్ళీ మొదలు. ఎన్ని వందల పలకలు అలా పైకెత్తి చూసిందో. వేళ్ళకి మూడేసి తొడుగులు, కళ్ళకి అద్దాలు, అద్దాల వెనక చెమట. తర్వాత సన్నటి పొర, దాని మీద వెండి గీతలు, ఆ గీతల నీడలో ఎండ వృథా కాకుండా వాటిని జుట్టంత సన్నం చెయ్యడం. ఇంత చేసినా అంకె ఇరవై అయిదుకి పైన అక్కడే చతికిలబడేది. మొండి ఎద్దులా, తోస్తే తోకాడించేది.

ఆ పైన జరిగిందే ఆమెకి ఇప్పటికీ ఒళ్ళు జలదరించే సంగతి. కోటు గొడవ తర్వాత, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాని రోజుల్లో, లెక్కలు ముందేసుకుని కూర్చుంది. హైడ్రోజన్ లోపలికి వెళ్తోంది, కానీ సగం దారిలో ఆగిపోతోంది. వేడి ఉన్నంతసేపే అది కదులుతుంది. కొలిమిలోంచి తియ్యగానే ఎక్కడిది అక్కడ బిగుసుకుపోతోంది. మరి వెంటనే తియ్యకపోతే? వేడి మెల్లగా తగ్గిస్తూ, పైన గట్టి వెలుగు వేస్తూ, అలాగే ఉంచేస్తే? వెలుగు కూడా దానికి దారి చూపిస్తుందని లెక్క చెబుతోంది. పొయ్యిమాస్టారు గడ్డం గోక్కున్నాడు. అంటే మేడమ్, పొయ్యి కట్టేశాక మూత తియ్యకుండా ఉమ్మగిల్లబెడదామంటారు. ఆ మాట ఆమెకి భలే నచ్చింది. అప్పట్నుంచీ గదిలో అందరూ అదే అన్నారు, ఉమ్మగిల్లిందా, ఇంకా ఉమ్మగిల్లాలి, ఎవరబ్బా ఉమ్మగిల్లకుండా మూత తీసింది. నెలవారీ సమావేశంలో కూడా నోరు జారి అనేసింది. డైరెక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఇది మనం రాతలో ఏమని పెట్టాలి, అన్నాడు. మొదటి విడత పాడైంది, వేడి ఎక్కువై పొర పొక్కింది. రెండోది వెలుగు చాలక. తర్వాత ఎన్నో. ఒకరోజు మధ్యాహ్నం ట్రే మొత్తం ఉమ్మగిల్లబెట్టి తీసి ఒక్కొక్కటే కొలుస్తుంటే, మొదటిది ఎక్కింది. రెండోదీ ఎక్కింది. మూడోది ఎక్కేసరికి ఆమె దీపం ఆపేసి గదిలో తెల్లగా ఉన్న ప్రతిదీ బయటికి మోయించింది. కాగితాలు, కప్పులు, గోడ మీద క్యాలెండరు. తనూ పొయ్యిమాస్టారూ నల్ల దుప్పట్లు కప్పుకుని దొంగల్లా నిలబడ్డారు. మళ్ళీ కొలిచింది. ట్రే ట్రే అంతా ఎక్కింది. ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా, కానీ అన్నీ. అదే. అందుకే మధ్యలోది ఇచ్చింది. ఒక్క సెల్ గొప్పదైతే అది అదృష్టం, లేకపోతే కోటు. మామూలుది గెలిస్తే పద్ధతి గెలిచినట్టు.

ఆలోచన ఎంత బాగుంది! బెంచీ మీద కూర్చున్న మనిషికి మాత్రం అది ఏమాత్రం ఆసరా కాదు. ఎర్ర బల్బు ఇంకా వెలుగుతూనే ఉంది. ఇంతసేపా? మామూలుగా ఇంతసేపు పట్టదే. నడవా చివర నీళ్ళ యంత్రం గుర్రుమని నిద్రలేచి మళ్ళీ పడుకుంది. ఎవరో బండి మీద డబ్బాలు తోసుకుంటూ పోయారు, ఒక చక్రం కీచుకీచుమంటోంది, ఆ చక్రానికి నూనె వెయ్యడానికి ఈ సంస్థలో ఎవరికీ తీరిక లేదు, సూర్యుణ్ణి మాత్రం వెంట్రుకవాసి తేడా లేకుండా కొలుస్తారు. ఇక ఉండబట్టలేకపోయింది.

"ఒకటి చెప్తాను. అరవకు."

"నేనెప్పుడు అరిచాను?"

"లోపలున్నది మేలైన సెల్ కాదు. అది ఇదిగో, ఇందులో ఉంది."

పిప్పరమెంటు చప్పుడు ఆగిపోయింది. ఆడపడుచు డబ్బా వైపు చూసింది, తలుపు వైపు చూసింది, మళ్ళీ డబ్బా వైపు.

"డబ్బాలు తారుమారయ్యాయా?"

"లేదు. కావాలనే ఇచ్చా."

"నీకేమైనా పిచ్చా వదినా!" అరవనే అరిచింది. నడవాలో నలుగురు తిరిగి చూశారు. గొంతు తగ్గించి పళ్ళ మధ్యనుంచి అంది. "లే. ముందు లే. ఆ బల్బు ఆరగానే తలుపు తట్టి మార్చమని అడుగు. అడగొచ్చు, తప్పు లేదు, కాగితం రాసేదాకా ఎవరైనా అడగొచ్చు."

"తెలుసు."

"తెలిసి కూర్చున్నావా? ఎవరి మీద పంతం ఇది? నా మీదా?"

"గది నీకొస్తుంది కదే. మధ్యలో నీకేం బాధ?"

ఆడపడుచు మొహం ఎర్రబడింది. "గెలిచి తీసుకుంటా. నువ్వు వెర్రితనంతో పారేసుకుంటే నేను ఏరుకుంటానా? నాకా మాత్రం పౌరుషం లేదనుకున్నావా?"

కోపంలో ఆ ముక్కు అచ్చం అన్నగారి ముక్కే. కోటు విప్పమన్న రోజు కూడా ఇదే ముక్కు, ఇలాగే అదిరింది. ఆ రోజు ఆమె దాన్ని గర్వమనుకుంది. ఇంటికెళ్ళాక తలుపేసుకుంది, ఆడపడుచు తలుపు బయట చాలాసేపు నిలబడి, వదినా, బయటివాళ్ళు పట్టుకోకముందే చెప్పాలనుకున్నాను, అంతమంది ఉంటారని ఆఖరు నిమిషందాకా తెలీదు, అంది. విని కూడా తలుపు తియ్యలేదు. ఇన్నాళ్ళూ ఆ మాటని గడప బయటే నిలబెట్టింది. ఇవాళ ఈ నడవాలో, ఈ పిప్పరమెంటు వాసనలో, అది దానంతటదే లోపలికి వచ్చి కూర్చుంది. నిజమే చెప్పింది పిచ్చిపిల్ల. తప్పుడు అంకె బయటికి పోయి ఎక్కడో పరాయి గదిలో పట్టుబడి ఉంటే? అప్పుడు గది కాదు, పేరే పోయేది. తన పేరు కాపాడినదాన్నే ఏడాదిపాటు చూపుల్తో కాల్చింది. ఆమె చెయ్యి వెళ్ళి ఆడపడుచు మణికట్టు పట్టుకుంది. ఎందుకు పట్టుకుందో ఇద్దరూ అడగలేదు.

అప్పుడు బల్బు ఆరింది.

ఇద్దరూ ఒకేసారి లేచారు, బెంచీ దభీమని కిందపడింది. తలుపు కొంచెం తెరుచుకుని ఒక బట్టతల బయటికి వచ్చింది. కొలతలాయన. ఆయన అసలు పేరుతో ఎవరికీ పనిలేదు, త్రాసుగారు అంటారు, ఆయనకీ తెలుసు. ఎవరైనా బతిమాలబోతే, నేను సూర్యుణ్ణి కాదమ్మా, ఆయన గుమాస్తాని, ఇచ్చింది రాసుకుంటాను, అంటాడని ప్రతీతి. ఆయన చేతిలో నల్లటి లోహపు పలక ఉంది, మధ్యలో చదరపు కిటికీ. అది ఆమె పంపిందే. సెల్ మీద వెలుగు ఎంత మేర పడాలో హద్దు గీసే మాస్కు.

"ఈ మాస్కు ఎవరు చేయించారు?"

"నేనేనండీ."

"ఎప్పుడు?"

"కిందటేడు. అదివరకటిది... అది మార్చి."

"ఊఁ," అన్నాడు త్రాసుగారు. ఆ ఊఁలో ఏమీ లేదు, గోడకి చెవి ఆనించినట్టుంది. ఆడపడుచు మోచేత్తో పొడిచింది. ఇదే అదను. ఇప్పుడు, ఈ క్షణంలో, డబ్బా చాచి, ఏమండీ, ఇది కూడా, అంటే చాలు. డబ్బా పైకి లేచింది కూడా. కానీ ఆ సందులోంచి లోపలి చీకటి గది కనిపించింది, ఆ చీకట్లో బల్ల మీద చిన్నగా, ఎవరి అండా లేకుండా, ముస్తాబు లేకుండా కూర్చున్న మామూలు సెల్ కనిపించింది. నిన్ను నమ్మే కదా ఇక్కడిదాకా తెచ్చాను. ఇప్పుడు ఈ డబ్బాలోని నీ చెల్లెల్ని పంపించి నువ్వు లేచి రా అంటానా? డబ్బా దిగింది. తలుపు మూసుకుంది. ఎర్ర బల్బు మళ్ళీ వెలిగింది.

"మహాతల్లీ," అంది ఆడపడుచు, బెంచీ నిలబెడుతూ.

ఇక ఆ తర్వాతిది ఆలోచన కాదు, జారుడుబల్ల. మాస్కు! మాస్కులో తప్పుందా? కిటికీ కొలత పెద్దదైపోయిందా? పెద్దదైతే ఎక్కువ వెలుగు పడింది, ఇన్నాళ్ళూ ఎక్కువ చదివింది, మళ్ళీ కోటు, లోహంతో కుట్టిన కోటు! ట్రే ట్రే అంతా ఎక్కిందంటే, ఎక్కదూ మరి, అన్నిటికీ అదే మాస్కు. పొయ్యిమాస్టారు అన్ని మధ్యాహ్నాలు కొలిమి ముందు నిలబడి ఉమ్మగిల్లబెట్టినదంతా ఒక కంసాలి పనిలో పిసరు తేడానా? క్యాంటీన్‌లో ఈసారి ఏం జోకు కడతారో. ఆ పలకని ఆమె ఎంత జాగ్రత్తగా చేయించింది, తెల్లకోటు మరక పోవాలని ఎంత మందంగా, ఎంత నల్లగా, పక్కనుంచి ఒక్క కిరణం కూడా దొంగచాటుగా దూరకుండా. మందంగా. ఆ మాట దగ్గర ఏదో తట్టింది. బల్బు ఆరింది. మళ్ళీ వెలిగింది. ఆడపడుచు ఇంకో పిప్పరమెంటు బిళ్ళ తీసి ఆమె నోట్లో పెట్టింది, పసిపిల్లకి పెట్టినట్టు. మళ్ళీ ఆరింది. మళ్ళీ వెలిగింది. ఎందుకిన్నిసార్లు? మందంగా ఉన్న కిటికీకి గోడలుంటాయి. గోడలుంటే...

తలుపు బార్లా తెరుచుకుంది. త్రాసుగారు బయటికి వచ్చి నిలబడి రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. రెండు మాస్కులున్నాయి చేతిలో, ఒకటి ఆమెది, ఒకటి కాగితమంత పల్చటిది.

"అమ్మా, మీ మాస్కుతో కొలిస్తే మీ అంకే వచ్చింది. ఇరవై ఆరు, అచ్చంగా. మాది పెడితే ఎక్కువొచ్చింది. నేను నమ్మలేదు. దీపం మార్చాను. సెల్ తిప్పి పెట్టాను. అంకె ముందే తెలిసిన మా పోలిక సెల్ పెట్టి సరిచూసుకున్నాను. అటునుంచి కొలిచాను, ఇటునుంచి కొలిచాను. ఊహూఁ. అది దిగనంటోంది."

"ఎంతకి దిగనంటోంది?" అడిగింది ఆడపడుచు.

"ఇరవై ఆరు పాయింట్ నాలుగు." ఆయన మందం మాస్కు పైకెత్తి, కిటికీ అంచు వేలితో తడిమాడు. "ఇంత లావుగా చేయిస్తే ఎలాగమ్మా? ఈ అంచుల నీడ సెల్ చుట్టూ పడుతోంది. ఏడాదిగా మీరు తక్కువ తూచుకుంటున్నారు. ఎక్కువ తూచుకొచ్చేవాళ్ళని రోజూ చూస్తాను. తక్కువ తూచుకున్నవాళ్ళని చూడ్డం ఇదే మొదలు." గుమాస్తా ఉద్యోగం పక్కనపెట్టి, మామూలు మనిషిలా అడిగాడు. "మీ దగ్గరున్న వాటిలో ఇదే మేలైనదా?"

"కాదండీ," అంది ఆమె. "మామూలుది."

త్రాసుగారు ఆమె వంక చూశాడు. లోపలికి వెళ్ళి సంతకం పెట్టడానికి కలం వెతుక్కుంటున్న చప్పుడు వినిపించింది.

అప్పుడు వచ్చింది సంతోషం. మెల్లగా కాదు, ఆనకట్ట తలుపులు ఎత్తినట్టు. దిగనంటోంది! దించడానికే పుట్టిన మనిషి దీపం మార్చి, తిప్పి, అటూ ఇటూ లాగి చూస్తే, ఆ మామూలు సెల్, పేరు లేని సెల్, ట్రే మధ్యలో ఇరుకున పడుకున్న సెల్, దిగనంది! భయంతో ఆమె తన చేత్తో తనే దాని మీద నీడ వేసింది, ఆ నీడలో కూడా అది గీత మీద నిలబడింది, ఆ నీడ తియ్యగానే లేచి నడిచింది. యాసిడ్‌లోంచి పొడిగా జారిన ప్రతి పలకా, పొక్కిన ప్రతి పొరా, చెమట పట్టిన అద్దాలూ, నల్ల దుప్పట్లూ, అన్నీ ఒక్కసారిగా ఆమె వెనక వరసకట్టి నిలబడ్డట్టయింది. వంద పాళ్ళ ఎండలో ఇంకో పిసరు, ఇన్నాళ్ళూ వేడిగా పారిపోయిన పిసరు, ఇకమీద ఎక్కడో ఒక కప్పు మీద, ఒక ఆస్పత్రి మీద, ఒక నీళ్ళ మోటారు మీద తీగ పట్టుకుంటుంది. ఒక్క సెల్ కాదు, ఎన్ని చేస్తే అన్ని. ఫోన్ తీసింది, తొందరలో రెండుసార్లు ఎవరికో చేసింది, మూడోసారి పొయ్యిమాస్టారు ఎత్తాడు. వెనక పంపుల మోత.

"గట్టిగా చెప్పండి మేడమ్, వినపట్లేదు!"

"పాయింట్ నాలుగు!" నడవా దద్దరిల్లేలా అరిచింది ఆమె. "ఇరవై ఆరు పాయింట్ నాలుగు! మధ్యలోది!"

అటువైపు ఆయన గొంతు, ఫోన్‌కి కాదు, గదికి చెబుతున్నాడు. తర్వాత ఎవరో ట్రే మీద గరిటెతోనో దేనితోనో మోగించడం మొదలుపెట్టారు, ఇంకొకరు అందుకున్నారు, ఇంకొకరు. ఆమె ఆ మోతని చెవికి ఆనించుకుని నడవా మధ్యలో నిలబడి గట్టిగా, నోరంతా తెరిచి నవ్వింది. కీచు చక్రం బండివాడు కూడా ఆగి, సంగతేమిటో తెలియకుండానే నవ్వాడు. ఈ నవ్వుకి ఎవరు ఏమనుకుంటే ఏం!

ఫోన్ పెట్టేసేసరికి ఆడపడుచు బెంచీ మీద ఒక్కతే కూర్చునుంది. పోయిన గది కోసం బాధపడుతోందేమోనని ఆమె దగ్గరికి వెళ్ళింది. కాదు. మోకాలి మీద వేలితో ఏవో గీతలు గీస్తోంది, పెదాలు కదులుతున్నాయి. లెక్క కడుతోంది.

"వదినా, నీ సెల్ నీలం వెలుగుని సరిగ్గా తినలేదు. వేడి చేసి పారేస్తుంది."

"అప్పుడే వంకలా?"

"విను. నా పొర నీలాన్ని మాత్రమే తింటుంది. ఎరుపుని వదిలేస్తుంది, అది నీది తింటుంది. నా పొర తీసుకొచ్చి నీ సెల్ మీద పూస్తే..." తలెత్తింది. కళ్ళు మెరుస్తున్నాయి. "ఇద్దరిదీ కలిపి ముప్ఫై దాటదూ?"

ఆమె కూడా లెక్క కట్టుకుంది. దాటుతుంది. ఒక్క సిలికాన్ ఎప్పటికీ ఎక్కలేని మెట్టు అది.

"ఆ గదిలో ఓ మూల ఇస్తావా?" అంది ఆడపడుచు, నేల చూపులు చూస్తూ, జీవితంలో మొదటిసారి అడిగే గొంతుతో.

"కొలిమి పక్క మూల ఒక్కటే ఖాళీ. పొద్దస్తమానం సెగ కొడుతుంది. ఓర్చుకోవాలి."

"నాకేం కొత్తా? ఇన్నేళ్ళుగా నీ పక్కనే కూర్చుని అన్నం తింటున్నా."

ఆమె తన చేతిలోని డబ్బాని ఆడపడుచు చేతిలో పెట్టింది. "అయితే మేలైనదాని మీదే మొదలుపెట్టు. జాగ్రత్త, విరిచావంటే అన్నయ్యకి చెప్తా."